గరిటె పట్టినా సైనికుడే

రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్‌కి ఎవరు బయల్దేరినా చుట్టాలు అడిగేవి మూడే. వీసాకి ఎంతైంది, జీతం ఎన్ని దినార్లు, ఏజెంటు ఎవరు? కింద సంతకం పెట్టిన కాగితంలో యజమాని ఎవరని మాత్రం అడగం. 2024 మార్చిలో హైదరాబాద్‌లో ఒక కుటుంబానికి ఆ అడగకపోవడమే ప్రాణం మీదికి వచ్చింది. రష్యాలో హెల్పర్ పని అని చెబితే వెళ్లిన 30 ఏళ్ల కుర్రాడు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడు.

యజమాని ఎవరన్న విషయంలో యుద్ధ చట్టం చాలా నిక్కచ్చి. ప్రైవేటు కాంట్రాక్టరు కింద కువైట్‌లోని అమెరికా శిబిరంలో వంట చేసేవాడు పౌరుడే. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ఇలాంటివాళ్లకు సైన్యం గుర్తింపు కార్డు ఇవ్వాలంటుంది, శత్రువుకు పట్టుబడితే యుద్ధఖైదీ హోదా కూడా ఇస్తుంది. పోరాటంలో నేరుగా దిగనంతవరకు అతన్ని గురిపెట్టి కాల్చడం నేరం. అదే మనిషి నేరుగా సైన్యంతో ఒప్పందం రాసుకుని యూనిఫారం వేసుకున్నాడా, చేతిలో గరిటె ఉన్నా, నిద్రలో ఉన్నా, శత్రువు కాల్చవచ్చు. వైద్య సిబ్బందికి, మత సిబ్బందికి, లొంగిపోయినవాళ్లకు, గాయపడి పోరాడలేని స్థితిలో ఉన్నవాళ్లకు తప్ప మినహాయింపు దాదాపు లేదు.

సందేహముంటే పౌరుడిగానే చూడాలని జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ అంటుంది. యూనిఫారంలో ఉన్నవాడి విషయంలో సందేహానికి తావెక్కడిది? మోసపోయి వేసుకున్నాడో, ఇష్టపడి వేసుకున్నాడో పైనున్న డ్రోన్‌కి తెలియదు.

పౌరుడైతే బతికిపోతాడనీ కాదు. 2004 ఆగస్టులో ఇరాక్‌లో వంట, శుభ్రత పనులకని వెళ్లిన 12 మంది నేపాలీలను అపహరించి చంపేశారు.

రష్యా సైన్యంలో చేరినట్టు తేలిన భారతీయులు 126 మంది అని, 12 మంది చనిపోయారని, 16 మంది ఆచూకీ లేదని 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పింది. వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ ఉందా అంటే, అదీ అంతంతే. పదో తరగతి పాస్ కానివాళ్లు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాల్సిన దేశాలు 18. కువైట్, ఇరాక్ అందులో ఉన్నాయి, రష్యా లేదు. పైగా చాలామంది వెళ్లింది విజిటింగ్ వీసా మీద, సంతకం పెట్టింది రష్యన్ భాషలో ఉన్న కాగితం మీద. అందుకే తప్పంతా కుర్రాళ్ల ఆశ మీదికి నెట్టేయడం నాకు నచ్చదు.

ఇప్పుడు బయల్దేరేవాళ్లు ఆ కాగితాన్ని తెలుగులో చదివించుకుని, యజమాని పేరున్న చోట కంపెనీ ఉందో, రక్షణ శాఖ ఉందో చూసుకోవాలి. ఏజెంటు 'ఆయ్, అదంతా మామూలేనండీ, సంతకం పెట్టేయండి' అన్నాడంటే, పాస్‌పోర్టు తీసుకుని ఇంటికి వచ్చేయడమే.

— లంకవాసి, అమలాపురం