దొరికిన చోటు, పుట్టిన చోటు

పదో తరగతి భూగోళంలో పటం పని మనందరికీ తెలిసిందే. భారతదేశం బొమ్మ ఇచ్చి చమురు క్షేత్రాలు గుర్తించమంటారు. డిగ్బోయ్, నహర్‌కటియా, ముంబై హై, బస్సెయిన్, కలోల్, అంకలేశ్వర్. చుక్క పెట్టి పేరు రాస్తే మార్కు వస్తుంది. మేమూ అలాగే రాశాం. వీటిలో అంకలేశ్వర్ మేముంటున్న పల్సానాకు దగ్గరే. సూరత్, తాపీ నది దాటి ఉత్తరానికి పోతే వస్తుంది. అయినా అక్కడి చమురు గురించి మాకు తెలిసింది ఆ చుక్క ఒక్కటే.

ఆ చుక్క సగం పాఠమేనని మా అభిప్రాయం. అది చమురు దొరికిన చోటు చెబుతుంది. పుట్టిన చోటు చెప్పదు.

1960లో అంకలేశ్వర్‌లో ఓఎన్‌జీసీకి చమురు దొరికింది. భూమి లోపల చమురు చెరువులా నిండి ఉంటుందని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. అది నిజం కాదు. తడి ఇసుకలో నీరు ఉన్నట్టే, ఇసుకరాయి రేణువుల మధ్య సన్నని ఖాళీల్లో చమురు ఉంటుంది. అలా దాచుకున్న రాయిని నిల్వ శిల అంటారు. కానీ చమురు ఆ ఇసుకలో పుట్టలేదు. దాని కిందనున్న కాంబే షేల్ అనే బంకమట్టి రాయిలో పుట్టి, పైకి జరిగి అక్కడ ఆగింది. కాంబే షేల్ మూలశిల. దానికీ అడుగున దక్కన్ నల్లరాయి ఉంది.

పుట్టడం ఎలాగంటే, 5 కోట్ల ఏళ్లకు పైగా క్రితం ఇక్కడ లోతు తక్కువ సముద్రం, తీరం వెంట చిత్తడి అడవులు ఉండేవి. నాచు, ఆకులు, చెట్ల బంక బురదలో కూరుకుపోయి కెరోజెన్ అనే పదార్థంగా మారాయి. పైన పొరలు పేరుకుంటూ ఉంటే అడుగున వేడి పెరిగింది. సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య కెరోజెన్ నుంచి చమురు వస్తుంది. పొయ్యి మీద పప్పు లాంటిదే ఇది. మంట చాలకపోతే ఉడకదు. ఇక్కడ వేడి మరీ ఎక్కువైతే చమురు మిగలదు, గ్యాస్ అవుతుంది.

ఆ అడవుల ఆనవాలు మన సూరత్ జిల్లాలోనే ఉంది. వస్తాన్ లిగ్నైట్ గనిలో కాంబే షేల్ పొరలు పైకే కనిపిస్తాయి. అక్కడ దొరికిన గట్టిపడ్డ చెట్టు బంకలో చీమలు, ఈగలు, సాలెపురుగులు చెక్కుచెదరకుండా ఉన్నాయని 2010లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. బంకను రసాయనికంగా పరీక్షిస్తే అది మన గుగ్గిలం చెట్టు కుటుంబానిదని తేలింది. చెట్టు పోయి 5 కోట్ల ఏళ్లయినా దాని రసాయనం చిరునామా చెప్పింది.

ఈ చిరునామా చదివే విద్యే భూరసాయన శాస్త్రం. 1934లో ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త ముడి చమురులో పోర్ఫిరిన్లు కనుగొన్నాడు. అవి ఆకుల్లో ఉండే పత్రహరితం నుంచి వచ్చినవి. చమురు ఒకప్పటి జీవుల నుంచి వచ్చిందనడానికి అది గట్టి సాక్ష్యమైంది. ఇలాంటి ఆనవాలు అణువులను బయోమార్కర్లు అంటారు. ఉదాహరణకు, చమురులో ఓలియనేన్ కనిపిస్తే దాని మూలశిలలో పూల మొక్కల అవశేషాలు ఉన్నాయని అర్థం. రెండు బావుల చమురు పోలికలు కలిస్తే అవి ఒకే ట్యాంకుకు పెట్టిన రెండు కుళాయిలు కావచ్చు. కలవకపోతే మధ్యలో ఏదో అడ్డు ఉందేమో చూడాలి.

రాయినీ పరీక్షిస్తారు. చిటికెడు రాతిపొడిని గాలి తగలకుండా వేడి చేస్తారు. ముందు, అందులో అప్పటికే ఉన్న చమురు బయటికి వస్తుంది. వేడి పెంచితే కెరోజెన్ విరిగి కొత్తది వస్తుంది. అది అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఉష్ణోగ్రత సుమారు 435 డిగ్రీలు దాటితే, ఆ రాయి చమురిచ్చే దశకు చేరిందని లెక్క. ఇలాంటి పరీక్షలకు డెహ్రాడూన్‌లో కేశవదేవ్ మాలవీయ పేరిట ఓఎన్‌జీసీకి ఒక సంస్థే ఉంది.

మన గోదావరి వైపూ ఇదే కథ. మండపేట ఇసుకరాయిలో దొరికే గ్యాస్ దాని కిందనున్న ఇంకా పాత కొమ్ముగూడెం పొరల్లో, బొగ్గూ షేలూ ఉన్న రాళ్లలో పుట్టిందని చెబుతారు. రాఘవాపురం షేల్ అని మరో మూలశిల ఉంది. మన పల్లెల పేర్లు రాళ్లకు పెట్టారని మాలో ఒక్కరికీ తెలియదు. పటంలో చుక్కలతో ఆగిపోతే ఎలా తెలుస్తుంది?

ఇక చమురు రోజులు అయిపోతున్నాయి, కరెంటు బళ్లు వచ్చేశాయి, ఇదంతా ఎందుకని మా తరగతిలోనే కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ సముద్రంలో చమురు తెట్టు కనిపిస్తే అది ఏ ఓడది, ఏ బావిది అని తేల్చేదీ ఈ బయోమార్కర్లే. తప్పు ఎవరిదో తెలియాలంటే పుట్టుక తెలియాలి. పల్సానా మిల్లుల్లో రంగులద్దే పాలిస్టర్ బట్ట కూడా పెట్రోలియం నుంచి వచ్చిందే. రోజూ వాడుతున్నదాని పుట్టుక తెలియకుండా దాన్ని వాడాలో మానాలో ఎలా తేల్చుకుంటాం?

మాకు ఈ విషయం ఇంత పట్టడానికి సొంత కారణం కూడా ఉంది. మాలో ఒకరి నాన్నగారికి ఈ ఏడాది మళ్లీ బదిలీ అయింది. టీసీ మీద చివరి బడి పేరే ఉంటుంది. కొత్త ఊళ్లో "మీరు సూరత్ వాళ్లా?" అని అడుగుతారు. అవునంటే అబద్ధం, కాదంటే ఇక్కడ గడిపిన నాలుగేళ్లకు అన్యాయం. పటంలో అంకలేశ్వర్ చుక్క లాంటిదే టీసీ కూడా. తప్పేమీ కాదు, చాలదంతే. దొరికిన చోటూ పుట్టిన చోటూ రెండూ చెబితేనే జవాబు పూర్తవుతుంది.

అందుకే ఈసారి పటం పనిలో అంకలేశ్వర్ చుక్క పక్కన "మూలశిల: కాంబే షేల్" అని కూడా రాసి ఇవ్వాలని మేం అనుకున్నాం. దానికి వేరే మార్కు ఉండదని తెలుసు. భూగోళం తరగతిలో ప్రతి చుక్క దగ్గరా "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అనే ప్రశ్న కూడా వేయాలని గురువులకు మా విన్నపం. బదిలీల మీద దేశమంతా తిరుగుతున్న మిత్రులారా, మీరున్న ఊరి కింద ఏ రాయి ఉందో తెలుసుకుని వచ్చే సంచికకు రాయండి. మన పత్రికలోనే ఇంకో పటం తయారవుతుంది.