రాచపుండునకు సూక్ష్మవాహనములు

రాచపుండు పేరు వినిన కోనసీమ గృహస్థులు వెనుక వ్యాధికి మాత్రమే భయపడుచుండిరి. నేడు చికిత్సకును భయపడుచున్నారు. ఈ భయము నిర్హేతుకము కాదు. రసాయనచికిత్స క్యాన్సరు కణములతోపాటు త్వరితముగా పెరుగు మంచి కణములను సైతము చంపును. జుట్టు రాలుట, నోరు పూయుట, రక్తకణములు తగ్గుట తత్ఫలితములే. డాక్సోరూబిసిను మితిమించినచో గుండెకు చేటు తెచ్చును. ఒక్క మడి తడుపుటకై కాలువగట్టు తెంపు రైతు మన సీమలో లేడు, బోదె త్రవ్వుకొనును. శాస్త్రజ్ఞులు నేడు మందునకు బోదె త్రవ్వుచున్నారు.

మీటరులో నూఱుకోట్లవ వంతు నానోమీటరు. సుమారు నూఱు నానోమీటరుల వ్యాసముగల లైపోసోమను కొవ్వుగోళములో మందు నిమిడ్చి రక్తములోనికి పంపుదురు. ఆరోగ్యముగల రక్తనాళముల గోడలు బిగువైనవగుటచే గోళము వెలికి పోజాలదు. కణితిలోని నాళములు సందులు గలవగుటచే నచ్చట జాఱి నిలుచును. ఈ విశేషమును 1986లో జపాను పండితులు మత్సుమురా, మయెదాలు వెల్లడించిరి. 1995లో అమెరికా అంగీకరించిన డాక్సిల్ ఈ జాతి మందే. దానివలన గుండెకు హాని తగ్గినది.

అయినను దీనిని సంజీవనియని చాటుట అసత్యము. జంతుపరీక్షలను పరిశీలించి 2016లో ప్రకటించిన సమీక్షయందు, ఎక్కించిన నానోకణములలో కణితిని చేరినవి మధ్యస్థముగా నూటికి 0.7 వంతేయని తేలినది. అరచేతులు, అరికాళ్లు మండి పొక్కుట డాక్సిల్‌తో నధికము. మంచి కణములకు హాని తగ్గించుటయే యిందలి ముఖ్యలాభము. చికిత్సను నడుమ విడువక ముగింపగల రోగికి అది స్వల్పలాభమా?

ఈ విద్య మనకు పరాయిది కాదు. వసిష్ఠ కావలనున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము సిద్ధపఱచిన ఎమినోప్టెరినుతోనే బోస్టనులో ఫార్బరు వైద్యుడు రక్తక్యాన్సరు బాలలకు తాత్కాలికోపశమనము కలిగించి 1948లో లోకమునకు తెలిపెను. దాని సోదరియగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2017లో లైపోసోము డాక్సోరూబిసినును అమెరికా విపణికి పంపినది.

అమెరికాకు చేరిన మందు అమలాపురమునకు చేరుట కష్టమా? రాజోలు రోగి విశాఖపట్టణమునకు, కొత్తపేట రోగి రాజమహేంద్రవరమునకు పరుగులిడి, కొబ్బరితోట లమ్ముకొనవలసిన దుస్థితి తొలగవలెను. ఏ రోగికి ఈ మందు నిజముగా నవసరమో వైద్యులు నిర్ణయింపవలెను. అవసరమని తేలినచో ధనము అడ్డు రాకుండ ప్రభుత్వము చూడవలెను. 2022లో జిల్లాకేంద్రమైన అమలాపురమున అట్టి చికిత్స నిత్యము లభించు నేర్పాటు జరుగవలెను. నానోయను పేరు తగిలించి నాటుమందు లమ్మువారిని పాఠకులు నమ్మరాదు. తెలుగుబిడ్డ లోకమునకిచ్చిన విద్యాఫలము తెలుగుపల్లెకు దక్కనిచో ఆ కీర్తి మనకు అలంకారమే కాని అండ కాజాలదు.