టికెట్టు తెంపిన చుట్టరికం

పట్నానికి ఉత్తరాన ఎడారి లేదు. మేడ్చల్, శామీర్‌పేట నేల చెరువుల నేల, బండరాళ్ల నేల, నిన్నమొన్నటి దాకా ద్రాక్ష పందిళ్లు వేసిన నేల. అయినా ఇప్పుడు సాయంత్రం పూట అక్కడ ఎడారి దొరుకుతోంది. నాగపూర్ రోడ్డు మీద కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకా రిసార్టులు, ఫాంహౌసులు, పెళ్లి తోటలు వరసగా లేచాయి. వాటి నడుమ రాజస్థాన్ పల్లె పేరుతో కట్టినవీ ఉన్నాయి. టికెట్టు కొంటే ఒంటె ఎక్కొచ్చు, తలపాగా చుట్టించుకోవచ్చు, నాట్యం చూడొచ్చు, దాల్ బాటీ తినొచ్చు, పదింటికల్లా ఇల్లు చేరొచ్చు. దుబాయ్ పోయి ఎడారి సఫారీ చేసొచ్చిన వాళ్లు చెప్పే వరసా ఇదే. ఇసుక మీద బండి, ఒంటె మీద ఫొటో, గోరింటాకు, నాట్యం, కాల్చిన మాంసం, తిరుగు ప్రయాణం.

ఇందులో తప్పేముంది, సరదా కదా అంటారు. సరదా మీద మాకు పగ లేదు. ఒంటెను చూసి పిల్లలు కేరింతలు కొడితే మేమూ నవ్వుతాం. మా అభ్యంతరం వేరు. ఒక జనం బతుకును వాళ్ల నేల నుంచి ఊడబెరికి, గేటు లోపల నిలబెట్టి, గంటల లెక్కన అమ్మే ఈ పద్ధతి ఎడారితో ఆగదు. అది అడవికీ వచ్చింది. మా ఊళ్లకూ వచ్చింది. అందుకే ఈ మాట రాస్తున్నాం.

చూడకుండా రాస్తున్నారని ఎవరూ అనకూడదు. ఉపాధ్యాయ శిక్షణ తరగతులకు పట్నం వచ్చినప్పుడు మేం నలుగురం ఓ సాయంత్రం టికెట్టు కొని అలాంటి చోటికి పోయాం. ఆ స్థలం పేరు ఇక్కడ అక్కర్లేదు, మా గొడవ ఒక్క గేటుతో కాదు. లోపలికి పోగానే నుదుట తిలకం దిద్దారు. గోడలు సిమెంటువి, పైన మట్టిరంగు. లారీలతో తెచ్చి పోసిన ఇసుక. ఒంటె మీద ఒక చుట్టు, దిగగానే వెనక వరసలో వాళ్లు ఎక్కడం. కఠ్‌పుత్లీ బొమ్మలాట. తల మీద కుండలు పేర్చుకుని ఆడే ఆడబిడ్డ. ఆమె ఆడుతుంటే ముందు వరసలో కొందరు నోట్లు ఊపారు. ఇదే అసలైన రాజస్థాన్ అని మైకులో చెబుతూనే ఉన్నారు.

ఒంటె తాడు పట్టుకున్న పిల్లవాడిని, "ఊరేది తమ్ముడూ?" అని మాకొచ్చిన హిందీలో అడిగాం. బార్మేర్ వైపు అన్నాడు. ఇంటి దగ్గర ఎన్ని ఒంటెలున్నాయని అడిగాం. "తాత దగ్గర మంద ఉండేది సార్. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఇదీ మాది కాదు" అన్నాడు. అంతలో పిలుపొచ్చింది, వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మైకులో వినపడని రాజస్థాన్ ఆ మూడు మాటల్లో ఉంది.

ఆ మూడు మాటల వెనకున్న లెక్క కూడా చెప్పుకోవాలి. పశుగణన ప్రకారం దేశంలో 2012లో సుమారు 4 లక్షల ఒంటెలుండేవి. 2019 నాటికి అవి రెండున్నర లక్షలకు పడిపోయాయి. అత్యధికం రాజస్థాన్‌లోనివే. ఆ మధ్యనే, 2014లో, ఒంటెను రాజస్థాన్ రాష్ట్ర జంతువుగా ప్రకటించారు. బిరుదు పెరిగింది, మంద తరిగింది. ఒంటెల్ని సాకే రైకాలకు మేత బీళ్లు మిగల్లేదు. కాలువ పారిన చోట పొలాలు లేచాయి, ఎండ కాచిన చోట సోలార్ పలకలు లేచాయి. ఊరు దేవుడి పేరున వదిలేసిన ఓరణ్ భూముల కోసం జైసల్మేర్ జనం ఇప్పటికీ కొట్లాడుతున్నారు. పాములు పట్టి బతికిన కాల్‌బేలియాల సంగతీ అంతే. 1972 వన్యప్రాణి చట్టంతో పాముల బుట్ట నేరమైంది. మిగిలింది ఆట, పాట. 2010లో యునెస్కో ఆ ఆటపాటల్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బతుకు ఆధారం పోయింది, ఆట మీద మెడల్ వేలాడింది. టికెట్టు కొన్నవాడికి మెడల్ చూపిస్తారు, బీడు సంగతి చెప్పరు.

గల్ఫ్ ఎడారిలోనూ రెండు రకాల తెలుగువాళ్లున్నారు. ఒకరు సఫారీకి పోయి ఒంటె పక్కన నిలబడి ఫొటో దిగినవాళ్లు. ఇంకొకరు జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ పల్లెల నుంచి ఇంకేదో పని అని చెబితే నమ్మి పోయి, అదే ఇసుకలో ఒంటెలు కాసినవాళ్లు. ఒంటె ఒకటే, ఇసుక ఒకటే. మొదటివాళ్ల ఫొటో ఇంటి గోడ మీదికి ఎక్కుతుంది. రెండోవాళ్లను వెనక్కి రప్పించండని పెళ్లాం బిడ్డలు కలెక్టరాఫీసుల చుట్టూ తిరుగుతారు. సఫారీ చూపించే ఎడారిలో పనివాడు ఎప్పుడూ కనపడడు.

సఫారీ అనేది స్వాహిలీ మాట. ప్రయాణం అని అర్థం. అరబ్బీ నుంచి వచ్చింది, మన పట్నం ఉర్దూలో సఫర్ అన్నా ప్రయాణమే. తూర్పు ఆఫ్రికాలో తెల్లదొరలు తుపాకులతో వేటకు పోవడానికి ఆ పేరు వాడుకున్నారు. తర్వాత తుపాకీ స్థానంలో కెమెరా వచ్చింది. ఆ కెమెరా జంతువు దగ్గరే ఆగిందా? అండమాన్ ట్రంక్ రోడ్డు జరవాల అడవి గుండా పోతుంది. ఆ రోడ్డు మీద పర్యాటకుల వాహనాలు జరవాలను చూడ్డానికే బారులు తీరేవి. ఆడండి అని జరవా స్త్రీలను పురమాయించే వీడియో 2012 జనవరిలో బయటపడ్డాక దేశానికి సిగ్గనిపించింది. 2013లో సుప్రీంకోర్టు ఆ దారిలో పర్యాటకుల్ని కొన్ని వారాలు ఆపింది. దాన్ని మానవ సఫారీ అన్నారు. మనుషుల్ని చూడ్డానికి బండెక్కి పోవడానికి ఆ పేరు సరిగ్గా సరిపోయింది.

మనకు అంత దూరం పోనక్కర్లేదు. అరకు పోతే రైలు దిగిన పర్యాటకుల కోసం థింసా. కోతల కాలానికీ పండుగకూ పెళ్లికీ చేయి చేయి పట్టుకుని ఆడుకునే ఆట, ఇప్పుడు భోజనాల వేళకు ఆడే ఆట అయింది. పాపికొండలు పోతే గోదారి ఇసుక మీద వెదురు గుడిసెల్లో రాత్రి బస. ఆ కొండల మీదే పోలవరం ముంపు కింద ఇల్లు, పోడు, దేవుడి చెట్టు పోగొట్టుకుంటున్న కొండరెడ్లున్నారు. పడవలో మైకు కొండల అందం చెబుతుంది. కొండరెడ్ల పునరావాసం ఏమైందో చెప్పదు. లంబసింగి చలికి గుడారాలు వేసి అద్దెకిస్తున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెబుతుంది. బినామీ పేర్లు ఆ చట్టానికి ఎలా గంతలు కడతాయో ఏజెన్సీలో చంటిపిల్లాడికీ తెలుసు.

మాకు అతిథులంటే గిట్టదని, మేం లోకానికి దూరంగా ఉండాలనుకుంటామని కొందరంటారు. ఇది అబద్ధం. ఆదిలాబాద్ అడవుల్లో రాజ్‌గోండుల దండారిని చూడండి. దీపావళి ముందు రోజుల్లో ఒక ఊరి దండారి ఇంకో ఊరికి పోతుంది. అక్కడి వాళ్లు ఎదురొచ్చి రాంరాం చెప్పి, కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, రాత్రంతా కలిసి ఆడతారు. ప్రయాణం ఉంది, ఆట ఉంది, విందు ఉంది. పైకి చూస్తే సఫారీలో ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయి. లేనిది టికెట్టు ఒక్కటే. టికెట్టు లేదు కాబట్టి బాకీ ఉంటుంది. ఈ ఏడు మీ ఊరి అన్నం తిన్నవాళ్లం, వచ్చే ఏడు మీకు పెట్టాలి. ఆ రాకపోకల్లోనే పిల్లల సంబంధాలు కుదురుతాయి, పాత పగలు చల్లారుతాయి.

టికెట్టు చేసే పని ఈ బాకీని తెంపేయడం. డబ్బు కట్టాను, చూశాను, తిన్నాను, అయిపోయింది. ఆడినవాడి పేరు నాకక్కర్లేదు. వాడి భూమి పట్టా అయిందో లేదో నాకక్కర్లేదు. వాడి ఊరికి రోడ్డు లేక గర్భిణిని మంచం మీద మోసుకుపోతున్నా నాకక్కర్లేదు. బాకీ ఉన్నచోట చుట్టరికం ఉంటుంది. బాకీ తెగినచోట చూసేవాడు, చూపించేవాడు, ఇద్దరే మిగులుతారు.

గుస్సాడీ వేషం వేసినవాళ్లు ఆ రోజులన్నీ స్నానం చేయరు, దీక్షలో ఉంటారు. నెమలి ఈకల టోపీ పూజలో పెట్టి తీసేది. కొలబొడితో పండుగ ముగిశాకే మళ్లీ మామూలు మనుషులవుతారు. మర్లవాయి కనకరాజు గారు ఆ ఆటను జీవితమంతా మోశారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మేమంతా పొంగిపోయాం. ఆ గౌరవం ఆటకే కాదు, ఆట వెనకున్న దీక్షకూ దక్కిందనుకున్నాం. కానీ దాని తర్వాత ఏమైంది? ఏ కాలమైనా సరే, ఏ వేదికైనా సరే, ఎవరో పెద్దాయన కారు దిగుతుంటే ముందు నెమలి ఈకలు కావాలి. ఫంక్షన్‌హాలు రిబ్బన్‌కూ గుస్సాడీయే, కంపెనీ విందుకూ గుస్సాడీయే. కోయల కొమ్ము ఆటకూ అదే గతి పట్టింది.

దీనికి మూడు జవాబులు వింటూ ఉంటాం.

ఒకటి, ఉపాధి. ఆడినవాడికి కూలి దొరుకుతుంది కదా అంటారు. దొరకాలి, ఇంకా ఎక్కువ దొరకాలి. కూలికి ఆడే కళాకారుణ్ని మేం ఒక్క మాటా అనం. కానీ పోడు పట్టా ఇవ్వకుండా, అడవి ఫలసాయానికి ధర ఇవ్వకుండా, ఆడుకుని బతకమనడం ఉపాధి చూపించడం కాదు, ఉన్న బతుకుతెరువు లాక్కోవడం. బార్మేర్ పిల్లవాడికి కావలసింది మేత బీడు. వాడికి దొరికింది అద్దె ఒంటె.

రెండు, ఇలాగైనా సంస్కృతి బతుకుతుంది కదా అంటారు. ఏది బతుకుతుంది? పదిహేను నిమిషాల్లో ఇమిడే ముక్క బతుకుతుంది. రాత్రంతా పాడే కథ చస్తుంది. అర్థం తెలిసిన ముసలివాళ్లు వెనక్కి పోతారు, నవ్వుతూ ఆడే కుర్రవాళ్లు ముందుకొస్తారు. గోండి మాట, కోయ మాట బడిలో వినపడకపోయినా ఎవరికీ పట్టదు, వేదిక మీద ఈకలుంటే చాలు. భాష చచ్చి ఈకలు మిగిలితే దాన్ని సంస్కృతి అంటారా?

మూడు, లోకం మిమ్మల్ని తెలుసుకుంటుంది కదా అంటారు. మేడ్చల్‌లో ఒంటెక్కినవాళ్లు రాజస్థాన్ గురించి ఏం తెలుసుకున్నారు? అక్కడివాళ్లు రోజూ తలపాగా కట్టి ఆడుతూ ఉంటారని తెలుసుకున్నారు. మా గురించీ అంతే తెలుసుకుంటారు.

ఇవన్నీ చూసే మేం కొన్ని షరతులు పెడుతున్నాం. గుస్సాడీ వంటి దీక్ష ఉన్న ఆటను పండుగ రోజులు కాని కాలంలో, టికెట్టు పెట్టిన చోట ఆడకూడదు. మిగతా ఆటలు ఎక్కడ, ఎంతకు, ఎంతసేపు ఆడాలో గ్రామసభ తీర్మానం చేయాలి. ఆచారాల్ని, సాంస్కృతిక అస్తిత్వాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభదేనని 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. ఇసుక, కలప విషయంలోనే కాదు, ఆట విషయంలోనూ ఆ అధికారం వాడుకోవాలి. వచ్చిన డబ్బు మధ్యలో ఏజెంటు చేతికి కాక కళాకారుడి చేతికీ ఊరి నిధికీ రావాలి. మా నేల మీద బస కట్టాలంటే ఊరివాళ్లే కట్టాలి, ఊరివాళ్లే నడపాలి.

అన్నిటికంటే ముందు మా తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాల పిల్లలు ఎవరి స్వాగతానికీ అలంకారం కాదు. అధికారి వస్తున్నాడని వారం ముందు నుంచి పాఠాలు ఆపి, అట్టముక్కలతో ఈకల టోపీలు చేయించి, ఎండలో పిల్లల్ని వరస కట్టించడం ఇకనైనా మానేద్దాం. మా పిల్ల ఆడాలి. పండుగలో అమ్మ చేయి పట్టుకుని ఆడాలి. వచ్చిన పెద్దమనిషి ముందు నిలబడితే మాత్రం లెక్క చెప్పాలి, ప్రశ్న అడగాలి. మా హాస్టల్లో నీళ్లెందుకు రావడం లేదని అడగాలి.

పట్నంవాళ్లకు మేం తలుపు మూయడం లేదు. మా ఊరికి రండి, చుట్టాల్లా రండి. ఊరి పటేల్‌కు కబురు పెట్టి రండి. అన్నం తినండి, కూర్చోండి, మా వాళ్ల పేర్లు తెలుసుకోండి. ఫొటో తీసే ముందు అడగండి. తిరిగి పోయాక మా పట్టాల సంగతి, మా బడి సంగతి మీ చోట మాట్లాడండి. మీరు తీర్చాల్సిన బాకీ అదే. డబ్బుతో తీరేది కాదు.

ఈ ఏడు దండారి మొదలయ్యే లోపల ప్రతి గూడెం తన గ్రామసభలో ఈ విషయం చర్చకు పెట్టాలి. తీర్మానం కాగితం మీద రాసి, వేలిముద్రలతో సహా ఐటీడీఏకు ఇవ్వాలి. రాయడానికి మనిషి కావాలంటే ఊరి బడిపంతులు ఉన్నాడు. అడగండి.