పక్కపక్క చెలకల్లో జొన్న వేద్దాం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల రైతులకు, అక్కచెల్లెళ్లకు, గిర్ని నడిపే అన్నలకు ఒక మాట.

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి 2023లో తేల్చింది. మన వాడల్లో గోలీలు మింగేవాళ్లను చూస్తే ఆ లెక్క దూరపుదనిపించదు.

మన కంచం ఎలా మారిందో చూడండి. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చెరువుల్లోకి వచ్చినందుకు సంతోషించాం, సంతోషించాల్సిందే. ఆ నీళ్లతో వరి పెరిగింది, మూడు పూటలా తెల్లన్నమే కంచంలోకి వచ్చింది. ఒకప్పుడు చెలకల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములు కలిసి పండేవి. పొద్దున అంబలి, రాత్రి గట్కో, పుంటికూరతో రొట్టో ఉండేది. ఇప్పుడు చాలా ఇళ్లకు సజ్జ రొట్టె సద్దుల బతుకమ్మ మలీదకే గుర్తొస్తోంది.

జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపే. పీచు ఎక్కువుంటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. అలాగని జొన్న మందు కాదు. డాక్టరు రాసిన గోలీలు దయచేసి మానకండి, రొట్టెలైనా మితంగానే తినండి.

రైతన్నలారా, మీ భయం నాకు తెలుసు. ఒక్కరే వేస్తే పిట్టలు గింజ మిగల్చవు. అందుకే పక్కపక్క చెలకల వాళ్లు మాట్లాడుకుని ఒకేసారి వేయాలని అడుగుతున్నాను. ఎకరానికి నాలుగు కిలోల విత్తనం చాలు. వానాకాలంలోనైతే రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది కలపొచ్చు. ఉన్న వరి మానమనడం లేదు, నీళ్లందని చెలకలో కొంత చాలు.

కొర్ర, సామల కష్టం వేరు. పండించినా పొట్టు తీసే మర దగ్గరలో ఉండదు, దంచే ఓపిక ఎవరికీ లేదు. మహిళా సంఘాలు నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక మర పెట్టుకుంటే ఆ పంటలూ తిరిగొస్తాయి. తవుడు పూర్తిగా పోయేలా పాలిష్ పట్టించకండి, పీచు చాలావరకు దానితోనే పోతుంది.

సింగరేణి కాలనీల్లో ఉన్నవాళ్లు, హన్మకొండలో ఉద్యోగాలు చేసేవాళ్లు సొంతూరి రైతుకు ముందే మాటివ్వండి: ఇంటికి ఇన్ని కిలోలు, ఈ ధరకు కొంటామని. యాసంగి జొన్నకు అదను ఎక్కువ రోజులుండదు. బతుకమ్మకు అందరూ ఊళ్లో ఉన్నప్పుడే కూర్చుని, ఎవరి చెలకలో ఎంత వేయాలో రాసుకోండి. విత్తనం, సాగు సలహాల కోసం మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాన్నో, వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానాన్నో ముందుగానే కలవండి.