గోరుచిక్కుడు గరిటెడు చాలదు

మన ఇళ్లలో కూర అంటే అన్నం దిగడానికి నంజుకునే నాలుగు ముక్కలు. పళ్లెం నిండా అన్నం, ఓ మూల గరిటెడు కూర. ఈ కొలత తిరగబడాలి. అందుకు గోరుచిక్కుడు, చిక్కుడు, బీన్స్, అలసందకాయలతో మొదలుపెట్టడం మేలని నా వాదన. అంగన్‌వాడీలో చాలాకాలం పిల్లలకు, గర్భిణులకు భోజనం పెట్టినదాన్ని, ఇంట్లో ఇప్పటికీ పొయ్యి దగ్గరుండేదాన్ని కనుక ఈ మాట గట్టిగా అంటున్నాను.

ఈ కాయలే ఎందుకంటే, ఇవి పప్పుల వంశం. సొరకాయ, దోసకాయ వంద గ్రాములు తిన్నా గ్రాము మాంసకృత్తులు రావు. గోరుచిక్కుడులో మూడు గ్రాముల దాకా ఉంటాయి. మూడేనా అని తీసిపారేయకండి. బియ్యంలో లైసిన్ తక్కువ, చిక్కుడు జాతిలో అది బాగా ఉంటుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. పీచు సంగతి సరేసరి. షుగర్ ఉన్నవాళ్లు అన్నం సగానికి తగ్గించి ఆ చోట ఈ కూర పెట్టుకుంటే తిన్నాక చక్కెర అంత వేగంగా పెరగదు.

ఇక రక్తం మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. చిక్కుడుకాయ కూర ఒక్కటే దీన్ని తీర్చదు. డాక్టరు రాసిన మాత్రలు వేసుకోవాల్సిందే. కానీ రక్తం పట్టడానికి ఇనుముతో పాటు ఫోలేట్ కూడా కావాలి, అది ఈ కాయల్లో ఉంది. దాన్ని మనమే తూములో పోస్తున్నాం. ముక్కల్ని బోలెడు నీళ్లలో మరిగించి వార్చేస్తే ఫోలేట్, విటమిన్ సి చాలావరకు ఆ నీళ్లతోనే పోతాయి.

కాయల్ని ముందు కడిగి, తర్వాతే ఈనెలు తీసి తుంచాలి. అడుగు మందం గిన్నెలో పోపు వేగాక ముక్కలు, పసుపు, ఉప్పు వేసి, మునగనంత కొద్దిగా నీళ్లు చల్లి మూతపెట్టాలి. నీళ్లు ఇగిరేసరికి ముక్క వేళ్ల మధ్య నలగాలి, పచ్చదనం మాత్రం పూర్తిగా పోకూడదు. దించేముందు నువ్వుల పొడి, పొయ్యి కట్టేశాక నిమ్మరసం. ఆ పులుపులోని విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. భోజనం అవగానే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. బీన్స్‌ను పచ్చిగా సలాడ్‌లో వేయడం మంచిది కాదు, పచ్చివాటిలోని లెక్టిన్లు కడుపును ఇబ్బంది పెడతాయి. పెళ్లి భోజనాల్లో నూనెలో కరకరలాడించే బీన్స్ వేపుడును నేను కూర కిందే లెక్కవేయను.

ఇదేమీ కొత్త తిండి కాదు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే జనం మనం. చిత్తూరు వైపు అనపగింజలు నానబెట్టి, తొక్క పితికి, పితికిపప్పు వండుకుంటారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, 2000 కేలరీల ఆహారానికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కలిపి తినమంది. నలుగురున్న ఇంట్లో అరకిలో గోరుచిక్కుడు తెచ్చి రెండు పూటలా సర్దుతాం. తలకు 125 గ్రాములు! మిగతాది ఎక్కడినుంచి వస్తుంది?

కిలో తెస్తే ఈనెలు ఎవరు తీస్తారన్నదే అసలు చిక్కు. ఆ పని ఇల్లాలి ఒక్కదాని నెత్తిన ఉన్నంతకాలం ఆమె సులువుగా తరిగే కూరవైపే మొగ్గుతుంది, అందులో తప్పు లేదు. కనుక అయ్యలారా, పిల్లలారా, సాయంత్రం టీవీ ముందు కూర్చున్నప్పుడు చాటెడు కాయలు మీ ముందు పెట్టుకోండి. బడుల్లో మధ్యాహ్న భోజనం చూసేవారికీ ఒక విన్నపం: వారానికి రెండుసార్లయినా ఈ కూర వండించండి, పిల్లవాడి పళ్లెంలో గరిటెడు కాదు, గిన్నెడు వేయించండి.