బీరువా అడుగున ఆల్విన్ వాచీ

జోగిపేట నుంచి హైదరాబాద్ బస్సెక్కితే సంగారెడ్డి, పటాన్‌చెరు దాటాక మియాపూర్ దగ్గర "ఆల్విన్ చౌరస్తా" అని కేక వినిపిస్తుంది. పిల్లలకది ఒట్టి బస్టాపు. మనలో చాలామందికి మాత్రం ఆల్విన్ అంటే వంటింట్లో ఫ్రిజ్, ఆయన చేతికి వాచీ!

1942లో అల్లాదీన్ వారి వర్తక కంపెనీ, నిజాం పారిశ్రామిక నిధి కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. ఇనుప సామాను, డబుల్ డెక్కర్ బస్సులు, తర్వాత ఫ్రిజ్‌లు చేశారు. క్రమంగా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1981లో జపాన్ సైకోతో ఒప్పందం చేసుకుని వాచీలు మొదలుపెట్టారు. మన జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలూ చేశారు.

ఆ రోజుల్లో అల్లుడికి వాచీ పెట్టకపోతే పెళ్లి పందిట్లోనే మూతి ముడుపులు. ఆ ఒక్క వాచీ కోసం మీ నాన్నగారు ఎవరి దగ్గర చేయి చాచారో మీకే తెలుసు.

1987లో టైటాన్ వారి బ్యాటరీ వాచీలు వచ్చాయి. రోజూ కీ ఇచ్చే పని లేదు. అయితే తప్పంతా టైటాన్‌దే అనను. ఒకే పొయ్యి మీద నాలుగు గిన్నెలు పెడితే ఏది ఉడుకుతుంది చెప్పండి? నష్టాలు పెరిగి 1990లలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది, వాచీల తయారీ ఆగిపోయింది. ఎన్ని ఇళ్లలో జీతం ఆగిందో!

అలాంటి వాచీ మీ బీరువాలో ఉంటే పాత సామాన్లవాడికి వేసెయ్యకండి. అలాగని చటుక్కున కీ కూడా ఇవ్వకండి. ఏళ్ల తరబడి ఆగితే లోపలి నూనె ఎండి జిగురవుతుంది. ఆ స్థితిలో నడిపితే చక్రాలు అరుగుతాయి. ముందు పాతకాలపు మెకానిక్ చేత విప్పించి, శుభ్రం చేయించి, కొత్త నూనె వేయించండి. తర్వాత రోజూ పొద్దున ఒకే వేళకి కీ ఇవ్వండి. బిగుతు తగలగానే ఆపాలి. స్పీకర్ల మీద పెట్టకండి, అయస్కాంతం సోకితే లోపలి సన్న స్ప్రింగ్ చుట్లు అంటుకుని వాచీ పరుగులు తీస్తుంది. బ్యాటరీదైతే, వాడనప్పుడు బ్యాటరీ తీయించి దాచండి. లేకపోతే అది కారి లోపలంతా పాడుచేస్తుంది.

"డయల్ మార్చేద్దామమ్మా, కొత్తదానిలా మెరుస్తుంది" అంటాడు మెకానిక్. ఒప్పుకోకండి. ఆల్విన్ అన్న పేరున్నది దానిమీదే.