పైసలు పాసుపుస్తకానికేనా?

తొలకరి పడంగనే చిన్నరైతు పోయేది సావుకారి గడపకే. విత్తనాలకు, ఎరువులకు వానికి చెయ్యి చాపాలె, పత్తి చేతికొచ్చినంక వాడన్న ధరకే తూచాలె. 2018 మే నెలల రైతుబంధు మొదలుపెట్టి ఎకరాకు, పంటకు 4 వేలు ఇస్తే రెండెకరాల ఇంటికి 8 వేలు వచ్చినయి. పెద్ద సొమ్మేం కాదు. అయినా విత్తనాల సంచి నగదుకు కొన్న రైతుకు ఆ మేరకు మిత్తి తప్పింది, బేరమాడే నోరొచ్చింది. ఇట్ల ఇస్తే జనం సోమరులైతరనే పట్నపు పెద్దలకు మన చెలకలు తెలువయి.

మేం అడిగేది వేరే. సాయం పట్టాదారుకు పోతున్నది. కౌలు కట్టి, అప్పు తెచ్చి, చేను ఎండితే మునిగేది కౌలురైతు. హైదరాబాదుల ఉండే ఆసామికి సాయమూ అందుతది, కౌలూ ముడుతది. ఇదేం న్యాయం? 2019ల 5 వేలు చేసిండ్రు, 2025ల రైతు భరోసా అని 6 వేలు చేసిండ్రు. పైసలు పడ్డది మాత్రం పట్టాదారు ఖాతాలనే.

కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇయ్యాలని 2011లనే చట్టం వచ్చింది. దానితోని పట్టాదారు హక్కుకు వచ్చే ముప్పేం లేదు. ఊరూరా గ్రామసభ పెట్టి ఆ కార్డులు ఇయ్యుండ్రి, పంట సాయం వాటి మీదనే వెయ్యుండ్రి.